భూమి అమ్మిన డబ్బుతో లాంబోర్గిని కొంటే అది పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నల్లగండ్ల నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, అందుకే క్లుప్తంగా ఇస్తున్నాను. ఆయన వయసు 37. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, ఏడేళ్ల పాప, ఫ్లాట్ మీద ఇంకా లోన్ నడుస్తోంది. శంకర్‌పల్లి వైపు తాతల నాటి భూమిని నాన్నగారు కిందటేడాది అమ్మారు, ఈయన వాటాగా 7 కోట్లు చేతికొచ్చాయి. చెల్లెలు సంతకం పెట్టింది, "ఏమీ అడగలేదు" అని రాశారు. చిన్నప్పటి నుంచి కార్లంటే ప్రాణం. ఇప్పుడు ఒక బ్రోకర్ 2022 మోడల్ లాంబోర్గిని హురాకాన్ ఎస్‌టీఓ చూపించాడు. 3,400 కిలోమీటర్లు తిరిగింది, 5 కోట్ల 20 లక్షలు చెప్పాడు. "ఇది లిమిటెడ్ ఎడిషన్ అన్నా, వీ10 ఇంజిన్ ఇక రాదు, ఐదేళ్లలో 8 కోట్లు గ్యారంటీ" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడట (వీ10 అంటే పది సిలిండర్ల ఇంజిన్), విదేశీ వేలాల ధరల స్క్రీన్‌షాట్లు కూడా పంపాడట. ఈయన 15 లక్షలు టోకెన్ ఇచ్చేశారు, మిగతాది నెలాఖరులోగా కట్టాలి, లేకపోతే టోకెన్ వెనక్కి రాదు. నాన్నగారికి ఈ సంగతి తెలియదు. మాటవరసకు కారు ప్రస్తావన తెస్తే "భూమి అమ్మి బండి కొంటవా, ఊళ్లో ఏం మొహం పెట్టుకొని తిరగాలె" అన్నారట. భార్యకు తెలుసు. ముందు లోన్ తీర్చి, పాప పేరు మీద ఏదైనా కొన్నాక మీ ఇష్టం అంటోంది. కిలోమీటర్లు పెరగకుండా కారును కప్పి ఉంచుతానని, ఆదివారం తెల్లవారుజామున మాత్రం తీస్తానని ఈయన ఆలోచన. చివర్లో ఇలా అడిగారు: "ఇది మంచి పెట్టుబడి అని మీరు రాస్తే ఇంట్లో చూపిస్తాను."

సమాధానం: ఆ ఒక్క మాట నేను రాయలేను, క్షమించండి. అలాగని కొనొద్దని కూడా చెప్పడం లేదు. మీ ఉత్తరంలో ఆ ఇంజిన్ శబ్దం గురించి రాసిన భాగం లెక్కల గురించి రాసిన భాగం కంటే మూడింతలు ఉంది. ఈ కారు మీకు కావాలి, ఎప్పటి నుంచో కావాలి. అందులో తప్పేమీ లేదు. కానీ "కావాలి" అని ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి దానికి పెట్టుబడి అని పేరు పెడుతున్నారు, ఇప్పుడు ఆ పేరును మీరే నమ్మడం మొదలుపెట్టారు. నాకు భయం అక్కడే. అందుకే ముందు లెక్కలు చూద్దాం, తర్వాత ఇంటి సంగతికి వద్దాం.

లిమిటెడ్ ఎడిషన్ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. ఎస్‌టీఓను లాంబోర్గిని 2020 నవంబర్‌లో బయటపెట్టింది, మన దేశంలో 2021 జూలైలో 4 కోట్ల 99 లక్షల ఎక్స్ షోరూం ధరకు విడుదలైంది. రేస్ కారు నుంచి పుట్టిన అద్భుతమైన కారు, 640 హార్స్ పవర్, బయటి ప్యానెళ్లలో ముప్పావు వంతు కార్బన్ ఫైబర్. అయితే ఇన్నే చేస్తాం అని కంపెనీ దీనికి సంఖ్య కట్టలేదు. సంఖ్య కట్టినవి వేరే ఉన్నాయి: అవెంటడార్ ఎస్‌వీజే కూపే 900, హురాకాన్ స్టెరాటో 1,499, హురాకాన్ కథ ముగిస్తూ 2024లో తెచ్చిన ఎస్‌టీజే కేవలం 10. బ్రోకర్ అబద్ధమాడాడో, అతనికే తెలియదో నాకు తెలియదు. కానీ 8 కోట్ల లెక్కకు అతను పునాదిగా వేసిన మొదటి మాటే నిలబడడం లేదు.

పోనీ సంఖ్య ఉంటే మాత్రం ధర పెరిగి తీరుతుందా అంటే, అదీ కాదు. పోర్షే 2016లో 911 ఆర్ అని 991 కార్లు చేసింది. జీటీ3 ఆర్ఎస్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, పెద్ద వెనక రెక్క లేదు. చేతికి రాకముందే జనం అసలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే పోర్షే దాదాపు అదే రుచి ఇచ్చే జీటీ3 టూరింగ్ తెచ్చింది, దాంతో 911 ఆర్ ధరలు దిగిపోయాయి. 911 ఆర్ ఇంకా ఎక్కువ చేయం అన్నారే కానీ, అలాంటి కారు ఇంకోటి చేయం అని పోర్షే ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. అంతకుముందు జాగ్వార్ ఎక్స్‌జే220 ఉంది. 1980ల చివర్లో సూపర్‌కార్ల ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు జనం ఎగబడి డిపాజిట్లు కట్టారు, 1992లో కారు తయారయ్యే సరికి మార్కెట్ కూలిపోయింది, కొందరు కొనుగోలుదారులు ఆ ఒప్పందం నుంచి బయటపడడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఫెరారీ ఎఫ్40ని 400 చేస్తామన్నారు, చివరికి 1,300 పైనే చేశారు. అయినా ఈరోజు దాని కోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు, నిజమే, కానీ మధ్యలో చాలా ఏళ్ల పాటు ధర పడిపోయి ఉంది. అప్పుడు డబ్బు అవసరం లేక ఓపిక పట్టగలిగినవాళ్లే లాభం చూశారు. ఫ్లాట్ లోన్ ఉన్న మనిషికి అంత ఓపిక పట్టే వెసులుబాటు ఉంటుందా?

మీ పక్షాన ఉన్న వాదన కూడా చెప్పాలి. బ్రోకర్ చెప్పిన రెండో మాట, వీ10 ఇక రాదన్నది, మాత్రం నిజం. హురాకాన్ తర్వాత వచ్చిన టెమెరారియోలో టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరాలు) పెట్టిన వీ8, దానికి మూడు ఎలక్ట్రిక్ మోటార్లు. టర్బో లేకుండా ఆ ఎత్తుకు కూసే వీ10 ఈ వరుసలో ఇక లేదు. ఇలాంటి "చివరిది" అన్న పేరుకు విలువ ఉంటుంది. ఫెరారీలో 458 స్పెషాలే అలాగే నిలబడింది, దాని తర్వాత వచ్చిన 488 వరుస టర్బోకు మారాక స్పెషాలే మీద మోజు ఇంకా పెరిగింది. కాబట్టి మీ ఎస్‌టీఓ మామూలు హురాకాన్ కంటే మెరుగ్గా నిలబడుతుందని నేనూ నమ్ముతాను. మెరుగ్గా నిలబడడం వేరు, 5.20 కోట్లు 8 కోట్లు కావడం వేరు.

ఇప్పుడు అసలు విషయం, దీని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. బ్రోకర్ పంపిన స్క్రీన్‌షాట్లు అమెరికాలో, యూరప్‌లో జరిగిన వేలాలవి. మన కారు ధరలో సగానికి పైగా పన్నే. మీరే వేసి చూడండి. దిగుమతి విలువ కోటి రూపాయలు ఉన్న కారు మీద 110 శాతం సుంకం పడితే 2 కోట్ల 10 లక్షలు, 2025 సెప్టెంబర్ నుంచి ఉన్న 40 శాతం జీఎస్టీ కలిపితే 2 కోట్ల 94 లక్షలు, ఆపైన మన ఆర్టీఏలో 20 శాతానికి అటూ ఇటూగా లైఫ్ ట్యాక్స్ వేసుకుంటే మూడున్నర కోట్ల దగ్గరికి పోతుంది. అక్కడి కొనుగోలుదారు కోటి రూపాయల కారును చూస్తాడు, మీరు కట్టిన రెండున్నర కోట్ల పన్నును అతను మీకెందుకిస్తాడు? అంటే ప్రపంచ మార్కెట్ ఎంత పెరిగినా మీ కారును మన దేశంలోనే, ఇక్కడివాళ్లకే అమ్ముకోవాలి. ఇక్కడ అలాంటివాళ్లు ఎంతమంది? 2023లో లాంబోర్గిని దేశం మొత్తం మీద అమ్మిన కొత్త కార్లు 103, అప్పటికి అదే రికార్డు. అన్ని మోడళ్లూ కలిపి ఆ సంఖ్య. ఆ కొద్దిమందిలో సెకండ్ హ్యాండ్ వద్దు, కొత్తదే కావాలి అనేవాళ్లే ఎక్కువ. ఎమర్జెన్సీ వచ్చి మూడు నెలల్లో అమ్మాలంటే ధర చెప్పేది కొనేవాడు, మీరు కాదు.

పైగా ఆ పన్ను ఎప్పటికీ అలాగే ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో అక్కడి కార్ల మీద సుంకాన్ని కోటా ప్రకారం క్రమంగా 10 శాతానికి దించుతామని ఉంది. మీది ఇటలీ కారు, దానికి ఆ ఒప్పందం వర్తించదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది కదా. యూరప్ కార్లకూ అంతే సుంకం తగ్గి, కొత్త లాంబోర్గిని ఇప్పటికంటే చాలా చవకగా షోరూంలో దొరికితే, పాత సుంకం కట్టిన కారును పాత ధరకు ఎవరు కొంటారు? స్థలానికి ఈ ప్రమాదం లేదు. మీ నాన్నగారి కోపం వెనక ఈ లెక్క లేకపోవచ్చు, కానీ ఆయన చెప్పింది లెక్కకు కూడా సరిపోతోంది.

ఇంకో చిన్న కూడిక. 2022లో ఈ కారు మొదటి యజమానికి లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఆప్షన్లు అన్నీ కలిపి 6 కోట్ల దాకా అయి ఉంటుంది. ఆయన ఇప్పుడు 5.20కి ఇస్తున్నాడు, అది కూడా బ్రోకర్ కమిషన్ పోకముందు. 3,400 కిలోమీటర్లే తిప్పి, జాగ్రత్తగా ఉంచి, నష్టానికి అమ్ముతున్నాడు. ధర పెరిగే కారైతే ఆయనే ఇంకో ఐదేళ్లు ఉంచుకునేవాడు. పోనీ బ్రోకర్ మాటే నిజమై ఐదేళ్లకు 8 కోట్లు వచ్చాయనుకోండి, అది ఏడాదికి 9 శాతం. అదే 5.20 కోట్లు 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే 7.30 దగ్గరికి వస్తుంది. వడ్డీ మీద పన్ను ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ డిపాజిట్‌కు ఏటా ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు, టైర్లు మార్చక్కర్లేదు, ముందు భాగం స్పీడ్ బ్రేకర్‌కు తగిలితే గుండె ఆగక్కర్లేదు. ఎస్‌టీఓలో బానెట్, ముందు బంపర్, రెండు ఫెండర్లు కలిపి ఒకే ముక్క, అదీ కార్బన్ ఫైబర్. చిన్న దెబ్బకు కూడా బిల్లు చిన్నగా రాదు.

ఇన్సూరెన్స్ అన్నాను కాబట్టి ఇదీ వినండి, చాలామంది పట్టించుకోరు. మన దగ్గర కారుకు ఇచ్చే బీమా విలువ, అంటే ఐడీవీ, ఏటా పట్టిక ప్రకారం తగ్గుతుంది. మూడో ఏడు దాటితే 40 శాతం, నాలుగో ఏడు దాటితే 50 శాతం కోత. ఐదేళ్లు దాటాక కంపెనీతో మాట్లాడి ఒక విలువకు ఒప్పుకోవాలి. మీరేమో ధర పెరుగుతుందని కొంటున్నారు, పాలసీ మాత్రం తగ్గుతుందని లెక్కేస్తుంది. రేపు నిప్పంటుకున్నా, దొంగతనం జరిగినా చేతికొచ్చేది ఆ కాగితం మీద ఉన్న అంకె. కొనాలని నిర్ణయించుకుంటే సంతకానికి ముందే బీమా కంపెనీతో ఐడీవీ ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

కప్పి ఉంచుతాను, ఆదివారం మాత్రం తీస్తాను అన్నది చదివి నిజంగా బాధేసింది. ఈ కారు చేసిందే ట్రాక్ మీద పరుగెత్తడానికి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120, ఆ వేగంలో దాని బ్రేకులు వేడి కూడా ఎక్కవు. సరిగ్గా నడపాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కో ట్రక్కులో పంపించాలి, ఆ ఖర్చు వేరే. నడపకుండా ఉంచితే టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ పడుకుంటుంది, సీళ్లు ఎండిపోతాయి. నడిపితే కిలోమీటర్లు పెరిగి ధర తగ్గుతుందని టెన్షన్, నడపకపోతే ఎందుకు కొన్నానా అని బాధ. పెట్టుబడి అన్న పేరు పెట్టుకున్నందుకు మీరు ఐదేళ్లు చెల్లించే జరిమానా ఇదే. అదే సొమ్ము పోయినా పరవాలేదు అనుకుని కొన్నవాడు హాయిగా నడుపుకుంటాడు.

కాబట్టి దారులు ఇలా కనిపిస్తున్నాయి.

ఒకటి, 15 లక్షలు వదిలేసుకుని వెనక్కి రావడం. నొప్పి ఉంటుంది, కానీ 15 లక్షలను కాపాడుకోవడానికి 5 కోట్లు పెట్టడం ఏ లెక్కకూ అందదు. పైగా ఆ టోకెన్ కాగితం మీద ఏం రాసుందో ఒకసారి లాయర్‌కు చూపించండి. లిమిటెడ్ ఎడిషన్ అని చెప్పి అమ్మజూపినట్టు వాట్సాప్‌లో మెసేజ్ ఉందన్నారు కదా, అది చేతిలో పెట్టుకుని మాట్లాడితే మొత్తమో కొంతో వెనక్కి రావచ్చు. దాన్ని డిలీట్ చేయొద్దు.

రెండు, కొనడం, అయితే పెట్టుబడిగా మాత్రం కాదు. ఐదేళ్ల తర్వాత దీని ధర 3 కోట్లైనా మీ ఇల్లు కదలకూడదు. ఈ దారిలో మీ ఆవిడ చెప్పిన వరుసే సరైంది: ముందు ఫ్లాట్ లోన్ తీరాలి, పాప పేరు మీద ఉండాల్సింది ఉండాలి, ఆ భూమి అమ్మకం మీద క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మిన లాభం మీద పన్ను, లెక్క ఆడిటర్ దగ్గర తేలాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే షరతులకు లోబడి ఇల్లు కొంటే ఆ పన్నులో మినహాయింపు దొరుకుతుంది, కారు కొంటే ఏమీ దొరకదు. ఇవన్నీ పోగా 7 కోట్లలో 5.20 మిగలదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంటే నిజాయితీగా చూస్తే ఈ దారి ఇప్పటికి మూసుకున్నట్టే.

మూడోది నాకు మనసుకు నచ్చింది. ఆ మిగిలినదాంట్లోనే సరిపోయే కారు చూసుకోండి. పాత పోర్షే 911 జీటీ3 లాంటిది ఈ ఎస్‌టీఓ కంటే చాలా తక్కువకు దొరుకుతుంది. అందులోనూ టర్బో లేని ఇంజినే, 9,000 ఆర్‌పీఎం దాకా కూస్తుంది, రోజూ రోడ్డు మీద నడపగలిగిన కారు, మళ్లీ అమ్మాలన్నా కొనేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. అది కూడా పెట్టుబడి కాదు, కానీ పోయేది తక్కువ, నడిపేది ఎక్కువ. ఎందుకు కాకూడదు? లాంబోర్గిని అని ఊళ్లో చెప్పుకోవడం మీకు ముఖ్యమా, ఆ ఇంజిన్‌ను నడపడం ముఖ్యమా అన్నది మీరే తేల్చుకోవాలి, ఆ ప్రశ్నకు సిగ్గుపడాల్సిన జవాబు ఏదీ లేదు.

ఇక ఇంటి సంగతి. నాన్నగారికి టోకెన్ విషయం ఈ వారంలోనే చెప్పండి, మీ నోటితోనే చెప్పండి. కారు వచ్చాక తెలిస్తే ఆయనకు కారు కంటే ఆ దాపరికమే ఎక్కువ నొప్పి. ఊళ్లో మొహం గురించి ఆయన అన్న మాటను ఛాందసం అని తీసేయొద్దు. భూమి ఆయన చేతిలో ఒక తరం పాటు ఉంది, అది ఏమైందని ఊరు అడుగుతుంది, ఆయన జవాబు చెప్పుకోవాలి.

చెల్లెలి గురించి కూడా రాయక తప్పడం లేదు, మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. తాతల ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆమె అడగలేదు అంటే వద్దనుకుందని కాదు, అన్నతో గొడవెందుకని ఊరుకుని ఉండొచ్చు. ఆ డబ్బుతో ఐదు కోట్ల కారు మీ సెల్లార్‌లోకి వచ్చిన రోజు ఆమె ఇంట్లో ఏం మాటలు నడుస్తాయో ఆలోచించండి. కారు కొన్నా కొనకపోయినా, ముందు ఆమెతో కూర్చుని "నీకేమైనా కావాలా" అని ఒకసారి అడగండి. అడిగాక 7 కోట్లు 7 కోట్లుగా ఉండకపోవచ్చు, అయినా అడగండి.

ఇంత చెప్పినా మీరు ఈ ఎస్‌టీఓ వైపే మొగ్గుతారేమో అని కాగితాల గురించి కూడా రాస్తున్నాను. 2025 మేలో డీఆర్ఐ (కస్టమ్స్ సుంకం ఎగవేతలను పట్టుకునే కేంద్ర సంస్థ) అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల డీలర్‌ను అరెస్ట్ చేశారు. విదేశాల్లో కార్లు కొని, దుబాయ్, శ్రీలంక మీదుగా తెప్పించి, స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్పించి, దొంగ పత్రాలతో విలువ తగ్గించి చూపారన్నది ఆరోపణ. ఎగ్గొట్టిన సుంకం దాదాపు 25 కోట్లని చెప్పారు. అలాంటి కారు తెలియక కొన్నవాడి గతి ఏంటి? కారు సీజ్ అవుతుంది, డబ్బు ఎక్కడుందో వెతుక్కోవాలి. బెంగళూరులో అదే ఏడాది జూలైలో మహారాష్ట్ర రిజిస్ట్రేషన్‌తో తిరుగుతున్న ఒక ఫెరారీ యజమాని దాదాపు కోటి 40 లక్షలు ట్యాక్స్, పెనాల్టీ కట్టాల్సి వచ్చింది. మీ ఉత్తరంలో ఈ ఎస్‌టీఓ ఏ రాష్ట్రం నంబర్ మీద ఉందో లేదు. తెలంగాణది కాకపోతే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ ఎంత పడుతుందో ఖైరతాబాద్ ఆర్టీఏలో అడిగి, ఆ మొత్తాన్ని 5.20 మీద కలుపుకోండి.

మధ్యవర్తుల విషయంలోనూ జాగ్రత్త. 2024 ఏప్రిల్‌లో పహాడీషరీఫ్ పరిధిలో ఒక పాత లాంబోర్గిని గల్లార్డోను తగలబెట్టిన సంగతి చదివే ఉంటారు. అమ్మకానికి పెట్టిన కారు అది, యజమాని తనకు డబ్బు బాకీ ఉన్నాడని చెప్పుకున్న వ్యక్తి కారును తెప్పించుకుని నిప్పు పెట్టాడు. ఈ వ్యాపారంలో నోటిమాట బాకీలు ఎక్కువ. అందుకే బ్రోకర్‌ను పక్కన పెట్టి ఆర్సీ మీద పేరున్న మనిషిని నేరుగా కలవండి. దిగుమతి నాటి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం), మొదటి ఇన్‌వాయిస్, సర్వీస్ రికార్డు, ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ చూడండి. చాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ అధీకృత డీలర్‌కు ఇచ్చి చరిత్ర అడగండి, కారును వాళ్ల వర్క్‌షాప్‌లో పెట్టి ప్యానెళ్లు, ఇంజిన్ డేటా పరీక్ష చేయించండి. డబ్బు పోయేది బ్యాంక్ నుంచి బ్యాంక్‌కే, అదీ యజమాని ఖాతాకే. వీటిలో ఏ ఒక్కదానికైనా బ్రోకర్ "అవన్నీ ఎందుకన్నా, నేనున్నా కదా" అంటే, ఆ 15 లక్షలు అక్కడే వదిలేసి వచ్చేయండి.